యుద్ధమంతా బయట ఉన్న విల్లీ బ్రాంట్ ప్రతిఘటన యోధుడు కాదా?

కొవ్వూరు_వంతెన

నాజీలను ఎదిరించిన జర్మన్ల మీద మా చదువరుల బృందంలో మొన్న మాట్లాడాను. 1944లో హిట్లర్‌ను బాంబుతో చంపబోయిన, అందరూ చెప్పే సైనికాధికారులను పక్కన పెట్టి విల్లీ బ్రాంట్‌ను తీసుకున్నా. పందొమ్మిదేళ్లకు దేశం దాటినవాడు, నాజీలు పౌరసత్వం పీకేసినవాడు, యాభై అయిదేళ్లకు అదే దేశానికి ఛాన్సలర్ అయ్యాడంటే ఎప్పుడు చదివినా ఒళ్లు పులకరిస్తుంది నాకు.

చివర్లో ఒక పెద్దాయన లేచి, "యుద్ధమంతా నార్వేలో, స్వీడన్‌లో గడిపినవాణ్ణి యోధుడంటారేమిటండీ? జైళ్లలో మగ్గినవాళ్లు, ఉరికంబం ఎక్కినవాళ్లు యోధులు. ఈయన అంతా సద్దుమణిగాక వచ్చి పదవులెక్కాడు" అన్నారు. సగం మంది తలూపారు. టైమ్ అయిపోయిందని నన్ను జవాబు చెప్పనివ్వలేదు. అప్పటి నుంచి కడుపు రగిలిపోతోంది. జర్మనీ చరిత్ర బాగా చదివినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, మీరేమంటారు? మొహమాటం వద్దు.

పాత_పేపరు

మీ పెద్దాయన ప్రశ్న కొత్తదేం కాదు. 1961లో బవేరియా నాయకుడు ఫ్రాంజ్ యోజెఫ్ ష్ట్రౌస్ బహిరంగ సభలో అడిగింది ఇదే: "పన్నెండేళ్లు మీరు బయట ఏం చేశారు? లోపల మేం ఏం చేశామో మాకు తెలుసు." అప్పుడు బ్రాంట్ పశ్చిమ బెర్లిన్ మేయరు, ఛాన్సలర్ అభ్యర్థి కూడా. హిట్లర్ సైన్యంలో పనిచేసినవాళ్లు, ఆ సైన్యానికి చిక్కకుండా ఎదురు తిరిగినవాణ్ణి నిలదీస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

గుంటూరు_ఘాటు

నేను పెద్దాయన పక్షమే. బ్రాంట్ గొప్ప నాయకుడు, కాదనను. కానీ యోధుడంటే కుర్ట్ షూమాకర్. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది. 1932 ఫిబ్రవరిలో పార్లమెంటులో నిలబడి, నాజీల ప్రచారమంతా మనిషిలోని నీచత్వాన్ని రెచ్చగొట్టడమేనని వాళ్ల మొహం మీదే అన్నాడు. 1933లో పట్టుకున్నారు. దాదాపు పదేళ్లు నిర్బంధ శిబిరాల్లో, ఎక్కువ కాలం డాఖౌలో. సరిహద్దు దాటలేదు. యుద్ధం అయ్యాక ఎస్పీడీని, అంటే సోషల్ డెమోక్రాటిక్ పార్టీని, మళ్లీ నిలబెట్టింది ఆయనే. 1948లో ఒక కాలూ తీసేశారు. 1952లో పోయాడు. ఆయన పక్కన బ్రాంట్‌ను పెట్టి చూడండి.

బెజవాడ_బంతి

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి మార్కులు వేయాలా అన్నా? ఇద్దరూ ఒక్క పార్టీయేగా.

మానుకోట_మాస్టారు

గుంటూరు తమ్ముడూ, షూమాకర్ గురించి నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. అయితే బ్రాంట్ ఎక్కడి నుంచి వచ్చాడో చూస్తే గానీ అతను ఎందుకు వెళ్లాడో అర్థం కాదు.

1913 డిసెంబరు 18న ల్యూబెక్‌లో పుట్టాడు. అసలు పేరు హెర్బర్ట్ ఫ్రామ్. తల్లి మార్తా సహకార దుకాణంలో పనిచేసేది, పెళ్లి కాలేదు. తండ్రిని ఎన్నడూ చూడలేదు. పెంచింది తాత లుడ్విగ్ ఫ్రామ్, లారీ డ్రైవరు, పక్కా ఎస్పీడీ మనిషి. ఊళ్లో సమ్మె నడుస్తున్నప్పుడు ఒకసారి ఫ్యాక్టరీ పెద్ద ఒకాయన బేకరీ ముందు ఆకలిగా నిలబడ్డ ఈ పిల్లవాడికి రొట్టెలు కొనిచ్చాడు. సంబరంగా ఇంటికి తెస్తే తాత వెనక్కి ఇచ్చి రమ్మన్నాడు. సమ్మెలో ఉన్నవాడు యజమాని దగ్గర దానం పుచ్చుకోడు, మనకు కావలసింది మన హక్కు అని చెప్పాడట. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడు పదహారేళ్లకే పార్టీ సభ్యుడయ్యాడు.

ల్యూబెక్‌లో యూలియుస్ లేబర్ అని ఎంపీ, పార్టీ పత్రిక సంపాదకుడు. కుర్రవాడి చేత ఆ పత్రికలో రాయించి చేరదీశాడు. కానీ 1931లో, ఎస్పీడీ నాజీలకు గట్టిగా ఎదురు నిలవడం లేదని బ్రాంట్ అలిగి, వేరుపడ్డ ఎస్ఏపీ అనే చిన్న వామపక్ష పార్టీలోకి వెళ్లాడు. లేబర్ వద్దన్నాడు, వినలేదు. దాంతో పైచదువుకు పార్టీ నుంచి దొరికే సాయం పోయింది. ఆ వయసులో కడుపు చూసుకునేవాడైతే ఆ పని చేయడు.

1933 మార్చిలో నిషేధం కిందే ఎస్ఏపీ డ్రెస్డెన్‌లో రహస్యంగా సమావేశమైంది. అక్కడికి విల్లీ బ్రాంట్ అన్న మారుపేరుతో వెళ్లాడు. తర్వాత పార్టీ నాయకుడు పౌల్ ఫ్రోలిష్‌ను డెన్మార్క్ దాటించే ఏర్పాట్లు చూశాడు. ఓస్లోలో పార్టీ కేంద్రం పెట్టాల్సింది ఫ్రోలిష్. దారిలో ఆయన దొరికిపోయాడు. ఆ పని ఈ పందొమ్మిదేళ్లవాడి మీద పడింది. ట్రావముండె నుంచి చేపల పడవలో డెన్మార్క్ చేరాడు. తాత ఇచ్చిన వంద మార్కులు, నాలుగు చొక్కాలు, మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటం, ఇవీ చేతిలో ఉన్నవి. పార్టీ పంపితే వెళ్లినవాణ్ణి పారిపోయాడని ఎలా అంటాం?

సికింద్రాబాద్_చాయ్

మాస్టారి పోస్టు పూర్తయ్యేసరికి రెండో చాయ్ పెట్టాను. రొట్టెల సంగతి ఇంతకుముందు వినలేదు. ఇంకా రాయండి సార్.

గుంటూరు_ఘాటు

మాస్టారూ, వెళ్లడం వరకు ఒప్పుకుంటా. వెళ్లాక? ఓస్లోలో వ్యాసాలు, సభలు. నాజీల రహస్య పోలీసులు, గెస్టపో, తలుపు తట్టే భయం లేదు. ఇక్కడ ల్యూబెక్‌లో మిగిలిన కార్యకర్తలు ఒక్కొక్కరే పట్టుబడుతున్నారు.

నిజాం_లైబ్రరీ

భయం లేదా? 1936 సంగతి ఎవరూ ఎత్తలేదే.

బెర్లిన్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాదే అది. ఎస్ఏపీ నాయకత్వం అప్పటికి పారిస్‌లో ఉంది. బెర్లిన్‌లో మిగిలిన రహస్య బృందాన్ని నడపడానికి ఒకరు లోపలికి వెళ్లాలి. బ్రాంట్ వెళ్లాడు. గున్నార్ గాస్లాండ్ అనే నార్వే విద్యార్థి పాస్‌పోర్టుతో, ఆ విద్యార్థి తనేనన్నట్టు. ఆ గున్నార్ నిజంగా ఉన్న మనిషే. బ్రాంట్ స్నేహితురాలు గెర్ట్రూడ్ మేయర్‌కు నార్వే పౌరసత్వం దొరకాలని ఆమెను కాగితాల మీద పెళ్లి చేసుకున్నవాడు. ఇలాంటి మామూలు మనుషులు ఎంతమంది చేతులేస్తే ఒక అజ్ఞాత ఉద్యమం నడుస్తుందో ఆలోచించండి.

ఆ ఏడాది చివరి దాకా కొన్ని నెలలు హిట్లర్ రాజధానిలో జర్మన్ యాస కనపడనివ్వకుండా, విదేశీ విద్యార్థిలా లైబ్రరీలో కూర్చుంటూ, రహస్యంగా మనుషుల్ని కలుస్తూ గడిపాడు. ల్యూబెక్‌వాడు ఒక్కడు వీధిలో గుర్తుపట్టి "ఏం హెర్బర్ట్" అంటే ఏమయ్యేది? అప్పటికి ఇరవై రెండేళ్లు. బయట హాయిగా ఉన్నవాడు చేసే పని కాదిది.

కొవ్వూరు_వంతెన

నిజాం గారూ, గున్నార్ విషయం నేను సభలో చెప్పనేలేదు. పేర్లు ఎక్కువైతే జనం విసుక్కుంటారని వదిలేశా. ఇలాంటివే కావాలి.

గ్రూప్స్_గీత

మా సిలబస్‌లో తూర్పు దేశాలతో సయోధ్య విధానం అన్న ఒక్క ముక్క దగ్గరే బ్రాంట్ వస్తాడు. ఇదంతా తెలియదు. ఓస్లోలో ఉండి ఇంకేం చేశారు? ప్రశ్న చిన్నదైతే క్షమించండి.

పాత_పేపరు

గీతమ్మా, చిన్న ప్రశ్న కాదు. కార్ల్ ఫాన్ ఒసియెట్స్కీ అని శాంతివాది, పత్రికా సంపాదకుడు, నాజీ శిబిరంలో చిత్రహింసలు పడుతున్నాడు. ఆయనకు నోబెల్ శాంతి బహుమతి రావాలని ప్రవాసులు ఉద్యమం నడిపారు. నార్వేలో దాన్ని మోసినవాళ్లలో బ్రాంట్ ఉన్నాడు. 1935 బహుమతిని 1936లో ప్రకటించారు. హిట్లర్ మండిపడి ఇక మీదట జర్మన్లెవరూ నోబెల్ తీసుకోకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. ఒక ఖైదీ పేరును ప్రపంచమంతా పలికేలా చేయడం ప్రతిఘటన కాకపోతే ఏమిటి? ఆ తర్వాత 1937లో అంతర్యుద్ధం నడుస్తున్న స్పెయిన్‌కు విలేకరిగా వెళ్లాడు. బార్సిలోనాలో వామపక్షాలు ఒకరినొకరు కాల్చుకోవడం కళ్లారా చూశాడు. స్టాలిన్ మార్గం మీద ఆయనకు జీవితాంతం నమ్మకం కుదరకపోవడానికి అదొక కారణం.

హాంబర్గ్_పద్మ

నేనుండేది హాంబర్గ్‌లో. ఇక్కడి నుంచి ల్యూబెక్ రైల్లో గంట లోపే. అక్కడ బ్రాంట్ పేరుతో ఒక మ్యూజియం ఉంది. మా పాపను తీసుకెళ్తే పడవ దగ్గరే ఆగిపోయింది, పంతొమ్మిదేళ్లంటే మన పక్కింటి అన్నయ్య అంతేగా అని.

గుంటూరు అన్నా, 1940 కూడా లెక్కలో వేసుకోండి. ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం నార్వే మీద పడింది. అంతకు రెండేళ్ల ముందే ఆయన పౌరసత్వం రద్దయింది. జర్మన్ల చేతికి జర్మన్‌గా దొరికితే గెస్టపోకే. ఒక నార్వే స్నేహితుడు తన సైనిక యూనిఫాం ఇచ్చాడు. అది వేసుకుని నార్వే సైనికుడిగా జర్మన్లకే యుద్ధఖైదీగా చిక్కాడు. కొన్ని వారాలు శిబిరంలో ఉంచి, ఎవరో తెలియక వదిలేశారు. అక్కడి నుంచి స్వీడన్. నార్వే పౌరసత్వం దొరికింది ఆ తర్వాతే, స్టాక్‌హోమ్‌లోని వాళ్ల దౌత్య కార్యాలయంలో.

ఆ యూనిఫాం మీద కూడా తర్వాత ఎన్నికల్లో పుకార్లు. జర్మన్ సైనికుల మీద తుపాకీ పేల్చాడని అబద్ధాలు. వింటే ఇప్పటికీ బాధేస్తుంది.

బెజవాడ_బంతి

సినిమా తీస్తే ఇంటర్వెల్ సీన్ అదే. కాపలా వాడికి తను కాపలా కాస్తున్నది ఎవరినో తెలియదు.

గుంటూరు_ఘాటు

పద్మగారూ, చదివాను. సాహసం ఉంది, ఒప్పుకోవాల్సిందే. అయినా నా మాట ఒకటుంది. మాస్టారు చెప్పిన లేబర్ ఏమయ్యాడు? 1933లోనే పట్టుకుని నాలుగేళ్లు లోపల వేశారు. బయటికొచ్చి బెర్లిన్‌లో బొగ్గు వ్యాపారం అడ్డం పెట్టుకుని కుట్రదారులను కలుపుకున్నాడు. 1944 జులైలో, బాంబు పేలడానికి కొన్నాళ్ల ముందు, అరెస్టయ్యాడు. 1945 జనవరి 5న బెర్లిన్‌లోని ప్లోట్సెన్సే జైల్లో చంపేశారు. గురువు చచ్చిపోయాడు, శిష్యుడు ఛాన్సలర్ అయ్యాడు. ఆ పెద్దాయన మనసులో ఉన్నది ఇదే అయ్యుంటుంది.

పాత_పేపరు

ఆ ఇద్దరి మధ్య దారం తెగలేదు ఘాటు గారూ. 1944 జూన్‌లో కుట్ర బృందంలోని ఆడం ఫాన్ ట్రోట్ స్టాక్‌హోమ్ వచ్చి బ్రాంట్‌ను కలిశాడు. లేబర్ తరఫున పలకరింపు తెచ్చాడు. హిట్లర్ పోయాక వచ్చే ప్రభుత్వం కోసం పనిచేస్తావా అని అడిగితే బ్రాంట్ సరేనన్నాడు. 1931లో తగవు పడి విడిపోయిన కుర్రవాణ్ణి, ప్రాణం మీదికి వచ్చిన రోజుల్లో లేబర్ నమ్మాడు. యోధుడవునో కాదో ఆయన కన్నా మనకు ఎక్కువ తెలుసా?

సికింద్రాబాద్_చాయ్

ఈ పోస్టు ఒక్కటి ఆ పెద్దాయనకు చదివి వినిపించండి చాలు.

మానుకోట_మాస్టారు

లేబర్ భార్య అన్నెడోరె గురించి ఎవరూ చెప్పరు. భర్త పోయాక ఆమె బెర్లిన్‌లో ప్రచురణ సంస్థ నడిపింది, ప్రతిఘటనలో ప్రాణాలిచ్చినవాళ్ల జీవితాలను పుస్తకాలుగా తెచ్చింది, ఎస్పీడీ తరఫున నగర సభలోనూ కూర్చుంది. ఆరోజుల్లో చాలామంది జర్మన్లకు ఆ కుట్రదారులు దేశద్రోహులే. ఆ గాలిలో ఆ పుస్తకాలు వేయడం మామూలు గుండె కాదు.

నిజాం_లైబ్రరీ

ఇప్పుడు పేరు గొడవ. 1961 ఆగస్టు 13న బెర్లిన్ గోడ లేచింది. ఊరు రెండు ముక్కలై మేయరు నిద్రాహారాలు లేకుండా తిరుగుతున్నాడు. మర్నాడే రేగెన్స్‌బుర్గ్ సభలో ఛాన్సలర్ అడెనావర్ ఆయన్ని "బ్రాంట్ అలియాస్ ఫ్రామ్" అన్నాడు. అజ్ఞాతంలో పెట్టుకున్న పేరును దొంగల ముఠా పేరులా పలికాడు. అందులో ఇంకో విషం, తండ్రి లేని పుట్టుకను గుర్తు చేయడం. అడెనావర్‌ను నాజీలు పదవి నుంచి తోసేశారు, 1944లో జైల్లో కూడా పెట్టారు. ఆయన నోటి నుంచి ఈ మాట రావడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

గ్రూప్స్_గీత

తల్లి పెళ్లి చేసుకోలేదని కొడుకును అనడమేమిటి సార్. ఛీ.

హాంబర్గ్_పద్మ

అవును గీతా. ఆ ఎన్నికల్లో ఓడిపోయారు, 1965లోనూ అదే బురద, మళ్లీ ఓటమి. ఆ రెండోసారి బాగా కుంగిపోయారు. నేరం చేయనివాడు సంజాయిషీ చెప్పుకుంటూ తిరగాల్సి రావడం అదీ.

మానేరు_గాలి

అందరూ యోధుడి దగ్గరే ఆగిపోయారు. రాజకీయ నాయకుడి సంగతేంటి? 1966లో విదేశాంగ మంత్రి అయింది ఎవరి కింద? కీసింగర్. 1933లోనే నాజీ పార్టీలో చేరినవాడు. ఆయన క్యాబినెట్‌లో ఈయన ఉప ఛాన్సలర్. 1972 జనవరిలో ఛాన్సలర్‌గా ఉండి రాష్ట్రాల ముఖ్యమంత్రులతో కలిసి తెచ్చిన తీవ్రవాదుల ఉత్తర్వు ఇంకా ఘోరం. టీచరు ఉద్యోగానికీ, పోస్టాఫీసు ఉద్యోగానికీ దరఖాస్తు చేసినవాళ్ల రాజకీయాలు ఆరా తీయడం మొదలైంది. లక్షల మంది ఫైళ్లు తిరగేశారు. ఎక్కువ దెబ్బ పడింది వామపక్ష యువకులకే. అజ్ఞాతంలో బతికినవాడు పిల్లల వెనక నిఘా పెట్టడమా? ఆయన మీద గౌరవం ఉంది కాబట్టే ఇది నాకు మింగుడు పడదు.

మానుకోట_మాస్టారు

మానేరు, ఆ ఉత్తర్వు తప్పేనని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. ఉద్యోగాలు పోయినవాళ్లకు దానివల్ల ఒరిగిందేమీ లేదు, ఆ మాటా చెప్పాలి. కీసింగర్ సర్కారులో చేరకపోతే ఎస్పీడీకి యుద్ధం తర్వాత మొదటిసారి కేంద్రంలో చోటు దొరికేది కాదు, 1969లో ఆయన ఛాన్సలర్ అయ్యేవాడు కాదు. అది నా అభిప్రాయం. నువ్వు ఒప్పుకోవని తెలుసు.

మానేరు_గాలి

ఒప్పుకోను సార్. అదే మంత్రివర్గంలో హెర్బర్ట్ వేనర్ కూడా ఉన్నాడు, మాజీ కమ్యూనిస్టు, నాజీల నుంచి తప్పించుకున్నవాడే. ఇద్దరు ప్రవాసులు ఒక మాజీ నాజీ పక్కన కూర్చున్నారు. ప్రతిపక్షంలో ఉండి గెలవాల్సింది.

కొవ్వూరు_వంతెన

మరి వార్సాలో మోకాళ్ల మీద కూర్చోవడం? ఆ ఫోటో చూపించినప్పుడు మాత్రం సభలో ఎవరూ కదల్లేదు.

నిజాం_లైబ్రరీ

1970 డిసెంబరు 7. పోలండ్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టే రోజు. ఓడర్-నైసె నది గీతను పోలండ్ పడమటి సరిహద్దుగా ఒప్పుకోవడం అందులో అసలు విషయం. పాత తూర్పు ప్రాంతాల నుంచి వెళ్లగొట్టబడిన లక్షలాది జర్మన్ కుటుంబాలకు అది పుండు మీద కారం. అదే రోజు యూదుల ఘెట్టో తిరుగుబాటు వీరుల స్మారకం దగ్గర పూలగుచ్ఛం పెట్టి, రిబ్బను సరిచేసి, ఒక అడుగు వెనక్కి వేసి తడి నేల మీద మోకాళ్లూనాడు. పక్కన ఉన్న సహచరులకు కూడా ముందు చెప్పలేదు.

అప్పుడు జర్మన్ వారపత్రిక ఒకటి సర్వే చేయిస్తే 48 శాతం మంది అతి చేశాడన్నారు, సరైనదే అన్నవాళ్లు 41 శాతం. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఫోటో గురించి అప్పటి మాట అది.

గుంటూరు_ఘాటు

ఇక్కడ నా తరఫు నుంచి ఒకటి. ఆ మోకాళ్లకు అంత బరువు వచ్చిందే ఆయన బయట ఉన్నందువల్ల. ఆ హత్యల్లో ఆయన చెయ్యి లేదు, ఆ ప్రభుత్వానికి ఒక్కరోజు జీతగాడు కాదు. ష్ట్రౌస్ తరహా వాళ్లు చేయాల్సిన పని ఈయన చేశాడు. యోధుడన్న మాట దగ్గర నా పట్టు వదలను, షూమాకరే నాకు ముందు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇంకెవరూ ఆయన దరిదాపుల్లోకి రారు.

సికింద్రాబాద్_చాయ్

ఘాటు తగ్గిందిరోయ్.

గ్రూప్స్_గీత

గూఢచారి వల్ల రాజీనామా చేశారని చదివా. అది నిజంగా అవసరమా?

పాత_పేపరు

ఇది పెద్ద కథ, గీతమ్మా. ముందు 1972 ఏప్రిల్ 27. పోలండ్ లాంటి తూర్పు దేశాలతో చేసుకున్న ఒప్పందాల మీద కోపంతో పాలకపక్ష సభ్యులు కొందరు ప్రతిపక్షంలోకి దూకారు. ప్రతిపక్ష నేత బార్ట్సెల్ అవిశ్వాసం పెట్టాడు. 249 ఓట్లు కావాలి, 247 వచ్చాయి. రెండు ఓట్ల తేడాతో బ్రాంట్ గట్టెక్కాడు. తర్వాత బయటపడిందేమంటే తూర్పు జర్మనీ గూఢచార సంస్థ ష్టాసీ అవిశ్వాసానికి ఓటు వేయకుండా ఉండేందుకు ప్రతిపక్ష సభ్యుడు ష్టైనర్‌కు 50,000 మార్కులు ఇచ్చింది. బ్రాంట్‌కు ఈ సంగతి తెలియదు. ఆ నవంబరు ఎన్నికల్లో జనం దగ్గరికి వెళ్తే 91 శాతం పోలింగ్, ఎస్పీడీకి 45.8 శాతం ఓట్లు, పార్టీ చరిత్రలోనే అన్నిటికన్నా పెద్ద గెలుపు.

అదే ష్టాసీ మనిషి గ్యుంటర్ గియోమ్ ఛాన్సలర్ కార్యాలయంలో ఆయన పక్కనే ఉన్నాడు. 1973లోనే అనుమానం వచ్చింది, బ్రాంట్‌కు చెప్పారు కూడా. ఆధారాల కోసం అతన్ని కదల్చకుండా ఉంచమన్నది భద్రతా విభాగమే. ఆ వేసవి నార్వే సెలవులకూ వెంట వెళ్లి రహస్య టెలెక్సులు చూశాడు. 1974 ఏప్రిల్ 24న అరెస్టు, మే మొదటి వారంలో బ్రాంట్ రాజీనామా. ష్టాసీ కాపాడిన ఛాన్సలర్‌ను ష్టాసీయే కూల్చింది.

మానేరు_గాలి

రాజీనామా అక్కర్లేదు. తప్పు నిఘా అధికారులది. వాళ్లలో ఎవరూ వెంటనే కుర్చీ దిగలేదు.

హాంబర్గ్_పద్మ

అప్పటికే ఆయన అలసిపోయి ఉన్నారు. వేనర్ మాస్కో వెళ్లి అక్కడి విలేకరుల ముందు ఆయన్ని చులకన చేశాడు. వ్యక్తిగత జీవితం మీద పోలీసు నివేదికలు తయారయ్యాయి, వాటితో బెదిరిస్తారన్న భయం ఉంది. పార్టీలో ఎవరూ గట్టిగా ఉండిపొమ్మనలేదు. ఆడవాళ్ల విషయంలో ఆయన నడవడిక వల్ల భార్య రూట్ ఎంత నలిగిందో కూడా మరచిపోకూడదు. మహానుభావుడని ఇంట్లో లెక్క మాఫీ కాదు.

గ్రూప్స్_గీత

పద్మక్కా, ఆ చివరి మాట రాసినందుకు థాంక్స్. ఆ తర్వాత రాజకీయాలు మానేశారా?

నిజాం_లైబ్రరీ

మానలేదు. 1987 దాకా పార్టీ అధ్యక్షుడు ఆయనే. పేద, ధనిక దేశాల మధ్య అంతరం మీద అంతర్జాతీయ కమిషన్‌కు నాయకత్వం వహించాడు, 1980లో నివేదిక వచ్చింది. మన రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్ ఎల్.కె. ఝా అందులో సభ్యుడు. గీతకు పరీక్షలో పనికొస్తుంది. 1990 నవంబరులో, డెబ్బై ఆరేళ్ల వయసులో, బాగ్దాద్ వెళ్లి సద్దాం బందీలుగా పెట్టుకున్నవాళ్లలో వందమందికి పైగా విమానం ఎక్కించి తెచ్చాడు. ఆ డిసెంబరులోనే రెండు జర్మనీలు కలిశాక ఎన్నికైన మొదటి పార్లమెంటును అందరిలో పెద్దవాడిగా ప్రారంభించాడు. 1992 అక్టోబరు 8న పోయాడు.

మానేరు_గాలి

బాగ్దాద్ ప్రయాణాన్ని అప్పుడు చాలామంది తప్పుపట్టారు, నియంతతో చేతులు కలిపాడని. నాకది ఆయన చేసిన మంచి పనుల్లో ఒకటి. దీని మీద విడిగా రాస్తాను, ఇక్కడ పట్టదు.